గనేరియా టీకాకు కొన్ని తలకిందుల సలహాలు

గనేరియాకు టీకా కనిపెట్టాలని బయల్దేరిన యువ శాస్త్రవేత్తలకు నా మొదటి సలహా: వేరే జబ్బుకు చేసిన టీకాల్లో వెతకండి.

న్యూజిలాండ్‌లో 1991 నుంచి మెనింజైటిస్-బి చెలరేగింది. దాన్ని ఆపడానికి 2004లో మొదలుపెట్టి, ఇరవై ఏళ్లలోపు వాళ్లలో దాదాపు 10 లక్షల మందికి టీకా వేశారు. ఆ క్రిమి పైపొర నుంచి ఊడే బుడగలతో చేసిన టీకా అది. తర్వాత హెలెన్ పెటూసిస్-హారిస్ బృందం సుఖవ్యాధుల క్లినిక్‌ల రికార్డులు తిరగేసింది. గనేరియా వచ్చినవాళ్లను ఆరోగ్యవంతులతో పోల్చలేదు. అవే క్లినిక్‌లకు వచ్చి, క్లమీడియా అనే మరో సుఖవ్యాధి మాత్రమే ఉందని తేలినవాళ్లతో పోల్చింది. రెండు గుంపుల జీవన తీరూ ఇంచుమించు ఒకటే కాబట్టి, తేడా కనిపిస్తే టీకా వల్లేననుకోవడానికి బలం ఉంటుంది. ఆ పరిశోధనలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ తెలివే. 2017లో లాన్సెట్ పత్రికలో లెక్క వచ్చింది: గనేరియా నుంచి ఆ టీకా రక్షణ 31 శాతం. ఆశ్చర్యం అక్కర్లేదు. రెండు క్రిములూ నైసీరియా జాతివే, జన్యువుల్లో 80 నుంచి 90 శాతం పోలిక ఉంది.

క్రిమి ఒంటిమీద ముందుగా కంటబడేదానికి గురిపెట్టకండి. గనేరియా క్రిమి మన కణాలను పట్టుకునే నూగులాంటి పోగులే సరైన గురి అని ఒకప్పుడు అందరికీ తోచింది. దక్షిణ కొరియాలో ఉన్న అమెరికా సైనికుల్లో 3,250 మంది మీద ఆ టీకా పరీక్షించారు. 1991లో ఫలితం వెలువడింది: రక్షణ లేదు. ఆ పోగులను క్రిమి చొక్కా మార్చినట్టు మార్చేస్తుంది. జబ్బు ఒకసారి వచ్చి తగ్గినా మళ్లీ రావడానికి అదొక కారణం.

31 శాతమేనా అని పెదవి విరవకండి. క్రిమి మందులను తట్టుకోవడం నేర్చింది: పెన్సిలిన్ పోయింది, సిప్రోఫ్లాక్సాసిన్ పోయింది. ఇప్పుడు చాలా దేశాల్లో వైద్యం సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ మీదే నిలబడి ఉంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కొత్త కేసులు 8.2 కోట్లు. అందులో మూడో వంతు తగ్గినా కోట్ల మోతాదుల యాంటీబయాటిక్ మిగులుతుంది. ఇంగ్లండ్ ఈ లెక్కే నమ్మింది. 2023లో అక్కడ 85 వేలకు పైగా కేసులు బయటపడ్డాయి. 2025 ఆగస్టు నుంచి ముప్పు ఎక్కువగా ఉన్న గే, బైసెక్సువల్ పురుషులకు మెనింజైటిస్-బి టీకా వేస్తున్నారు. ఫ్రాన్స్‌లో జరిగిన డాక్సీవాక్ పరీక్ష తుది లెక్కల్లో ఈ టీకా గనేరియాను తగ్గించినట్టు గట్టిగా తేలలేదు. అది దాచిపెట్టకండి. అయినా ఆగకండి.

చివరిది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. జబ్బు ఛాయలే లేనివాళ్లను పరీక్షల్లో చేర్చండి, ముఖ్యంగా స్త్రీలను. సుఖవ్యాధులు చూసే మన సురక్ష క్లినిక్‌కు గనేరియా అనుమానం కలిగించే స్రావంతో వస్తే అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ ఉన్న బూడిదరంగు కిట్ ఇస్తారు. గనేరియా సోకిన స్త్రీలలో చాలామందికి ఏ బాధా తెలియదు, కాబట్టి ఆ కిట్ దాకా రారు. కొందరు లోపల గర్భనాళాలు దెబ్బతిని, ఏళ్ల తర్వాత పిల్లలు పుట్టడం లేదని వస్తారు. టీకా పనిచేసిందో లేదో క్లినిక్ గుమ్మం దగ్గర నిలబడి లెక్కిస్తే ఈ స్త్రీలు ఆ లెక్కలో ఉండరు. ఊళ్లోకి వెళ్లి, మూత్రమో స్వాబో తీసుకుని పరీక్షించండి.