అల్లుడు తెచ్చిన గాలిపొయ్యి

కోస్గిలో ఉల్లిగడ్డ తినడానికి పొయ్యి అక్కర్లేదు. పళ్లెంలో జొన్నరొట్టె పడగానే పక్కన ఒక గడ్డ పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దితే చాలు, పొరలు వాటంతట అవే విడిపోతాయి. కత్తితో కోసిన ఉల్లిగడ్డ మా నాయిన లెక్కలో ఇప్పటికీ పట్నపోళ్ల తిండే. దేవరకద్ర మార్కెట్లో వేలం పాడిన గడ్డలు సంచులకు సంచులు ఊళ్లకు చేరే ప్రాంతం మాది. 2019 డిసెంబరులో కిలో వంద దాటినప్పుడు కూడా మా ఇంట్లో రొట్టె పక్కన గడ్డ మానలేదు, గడ్డ సైజు మాత్రం తగ్గింది. అలాంటి ఇంట్లోకి ఉల్లిగడ్డను చక్రాలుగా కోసి, నూనె లేకుండా కరకరలాడించే మిషన్ ఒకటి వచ్చింది. తెచ్చింది అల్లుడు.

ఈ ఆఖరి మాట ముఖ్యం. మనం కొనుక్కున్న వస్తువైతే నచ్చకపోతే సజ్జ మీదికి ఎక్కించొచ్చు. అల్లుడు తెచ్చిన వస్తువుకు ఆ వీలు లేదు. అది వంటింటి గట్టు మీద కనబడేటట్టు ఉండాలి, వాడుతున్నట్టు కూడా ఉండాలి. ఉప్పల్‌లో ఉండే మా బావకు ఫోన్ చేసి వచ్చే అలవాటు లేదు. అందుకని మిషన్ ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటుంది.

ఇదంతా నాయిన రక్తపరీక్ష నుంచి మొదలైంది. రిపోర్టు చూసిన డాక్టరు నూనె తగ్గించమన్నాడు. ఇంటిల్లిపాదీ ఎలాగా అని తల పట్టుకుంటే, నాయిన ఒక్కడే వెంటనే ఒప్పుకున్నాడు. "ఇంట్ల నూనె తగ్గియ్యున్రి, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. ఆ "ఇంట్ల" అనే మాటను అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

బావ పెట్టె విప్పి ఎయిర్ ఫ్రయ్యర్‌ను బయటికి తీయగానే అవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఏందిరా ఇది, కుక్కరా?"

"కాదవ్వా, నూనె లేకుంట గాలితోని బజ్జీలు యేస్తది."

"గాలికి బట్టలారతయి గని బజ్జీలు కాలుతయారా?"

సైన్సు పరంగా అవ్వ వేసిన ప్రశ్న సరైనదే. ఆ డబ్బాలో ఉన్నదేమిటంటే పైన ఎర్రగా కాలే కాయిలు, దాని మీద ఫ్యాను, కింద చిల్లుల బుట్ట. అంతే. ఫ్యాను వేడిగాలిని బుట్ట చుట్టూ జోరుగా తిప్పుతుంది. ఫ్రెడ్ వాన్ డెర్ వేయ్ అనే నెదర్లాండ్స్ ఇంజినీరు మొదటి నమూనాను చెక్క, అల్యూమినియం, కోళ్లగూటి జాలీలతో కట్టాడట. 2010లో బెర్లిన్ ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ దాన్ని లోకానికి చూపించింది. మాది ఆ కంపెనీది కాదు, అల్లుడి బడ్జెట్‌లో వచ్చింది. ఇంజినీరు మనసులో ఉన్నవి ఆలుగడ్డ చిప్స్. బజారులో గడ్డకట్టించి అమ్మే ఆలుగడ్డ చిప్స్‌ను ఫ్యాక్టరీలోనే ఒకసారి నూనెలో వేయించి ప్యాకెట్లలో నింపుతారు. వాటిని బుట్టలో వేస్తే ఎర్రగా రాక ఏమవుతుంది? నూనె పాపం ఫ్యాక్టరీ ఖాతాలో పడుతుంది, పుణ్యం మిషన్ కొట్టేస్తుంది. పచ్చి ఉల్లిగడ్డతో మొదలుపెట్టినప్పుడు దాని అసలు సంగతి బయటపడుతుంది.

మా ఇంట్లో అలాగే బయటపడింది. బావ ఫోన్లో వీడియో పెట్టి "ఆనియన్ రింగ్స్" అన్నాడు. అమ్మకు అది ఉల్లిగడ్డ బజ్జీ అని అర్థమై శనగపిండి జారుగా కలిపి, చక్రాలు ముంచి బుట్టలో పెట్టింది. కడాయిలోనైతే నూటడెబ్బై ఎనభై డిగ్రీల నూనె తగిలిన క్షణంలోనే పిండి బిగుసుకుని గడ్డను పట్టుకుంటుంది. గాలికి అంత చేవ లేదు. డిగ్రీలు అవే అయినా నూనె అందించినంత తొందరగా గాలి వేడిని అందించలేదు. పిండి బిగుసుకునే లోపే చిల్లుల్లోంచి కిందికి జారి, అక్కడ పలుచటి అట్టుగా కాలింది. పైన ఉల్లిగడ్డలు బట్టల్లేకుండా మిగిలాయి. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అల్లుడు ఎదురుగా ఉన్నాడు. అట్టును గీకి తీసి, "ఇది గూడ మంచిగనే అయింది" అని అందరికీ ముక్కలు పంచింది.

దారి కనిపెట్టింది మా వదిన. జారు పిండి పనికిరాదు, పొడి పూత కావాలి. గడ్డను అడ్డంగా అర అంగుళం మందాన కోసి చక్రాలను విడదీస్తుంది. పొర లోపలి వైపు ఉల్లిపొట్టు కంటే పలుచటి పొర ఒకటి ఉంటుంది, దాన్ని గోటితో తీసేస్తుంది. అది ఉంటే ఏ పూతయినా జారుతుంది. ముందు ఉప్పూ కారం కలిపిన పొడి మైదాలో దొర్లించి, తర్వాత మజ్జిగలో చిక్కగా కలిపిన పిండిలో ముంచి, చివరికి టోస్టుల పొడి అద్దుతుంది. వీడియోలో వాళ్లు చెప్పిన బ్రెడ్ పొడి మా దగ్గర దొరకదు. చాయ్‌లో ముంచుకునే టోస్టులను రోట్లో వేసి దంచితే అంతకంటే బాగుంటుంది. ఆ పొడిలోనే రెండు చెంచాల పల్లినూనె కలిపి పెట్టుకోవాలి. నూనె బొత్తిగా లేకపోతే పొడి తెల్లగా, సుద్దపొడిలా నోట్లో రాలుతుంది. రెండు వందల డిగ్రీల దగ్గర పది పన్నెండు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిరగేయడం. నిజం చెప్పాలంటే బాగుంటాయి. బజ్జీ అనుకుని తింటే మాత్రం ఏడుపొస్తుంది.

"నూనె ఎయ్యొద్దని గదా తెచ్చిండు?" అని అమ్మ వదిన చెవిలో అడిగింది. "చెంచ నూనె లెక్కల రాదత్తమ్మా" అన్నది వదిన. చక్రాలు పోగా మధ్యలో మిగిలిన చిన్న చిన్న బొడ్డెలు సాయంత్రం పప్పులో కలిశాయి.

ఈ ఉల్లి చక్రాల వంటకం అమెరికాదని బావ వాదన. కానీ 1802లోనే లండన్‌లో జాన్ మొల్లార్డ్ అనే వంటవాడు తన పుస్తకంలో ఉల్లి చక్రాలను మీగడ, పార్మెజాన్ చీజ్ కలిపిన పిండిలో ముంచి పంది కొవ్వులో వేయించమని రాశాడు. ఆయనకు రక్తపరీక్ష చేసేవాళ్లు లేరు, అదృష్టవంతుడు.

అసలు పేచీ నూనె దగ్గర కాదు, బుట్ట దగ్గర. అందులో ఒక వరసలో ఏడెనిమిది చక్రాలు పడతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చితే గాలి ఆడక మెత్తబడతాయి. ఇంట్లో మేం ఎనిమిది మందిమి, అక్కాబావలతో కలిపి పదిమంది. మొదటి విడత అల్లుడికి, అందులో చర్చ లేదు. రెండోది నాయినకు, మిషన్ వచ్చిందే ఆయన కోసం కాబట్టి. మూడోది పిల్లలకు. నాలుగోది అవ్వకు, పళ్లు లేని ఆమెకు కరకర ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. తర్వాత అన్నకు, నాకు. ఆఖరున అమ్మ, వదిన, అక్క. ఈ వరస మా ఇంట్లో కొత్తదేం కాదు. కడాయి రోజుల్లోనూ ఇదే. కానీ కడాయి దగ్గర నిలబడ్డవాళ్లకు ఒక కమీషన్ ఉండేది. జల్లిగంటెతో దేవిన ప్రతిసారీ ఉప్పు చూసే వంకతో ఒకటి నోట్లోకి పోయేది. వాయి ఎంత, పళ్లెంలోకి వచ్చింది ఎంత అని ఎవరూ లెక్కపెట్టరు. వంటింటి ఆడవాళ్లు అన్నేళ్లు ఆకలితో ఆఖరి పంక్తి దాకా ఆగగలిగారంటే దాని చలవే. ఈ మిషన్ ఆ కమీషన్‌ను రద్దు చేసింది. మూతబడ్డ డబ్బా, ఎనిమిదంటే ఎనిమిదే. గంట కొట్టి మరీ ఊరందరికీ చెబుతుంది.

అమ్మ ఊరుకుంటుందా. సగం టైములో తిరగేయాలని మిషనే చెబుతుంది కదా. "మల్లేయాలె" అని బుట్ట లాగుతుంది, ఎనిమిది ఆరవుతాయి. బావ ఒకసారి "అత్తమ్మా, ఎనిమిది పెట్టినట్టున్నం" అన్నాడు. "గాలికి తగ్గుతయేమో" అన్నది అమ్మ, మొహం అటు తిప్పుకుని. గాలికి తగ్గేది నీళ్లే. ఉల్లిగడ్డ బరువులో దాదాపు తొంభై శాతం నీళ్లే గనక పూత లోపల అది ఆవిరి వదులుతూనే ఉంటుంది. అందుకే తీసిన రెండు మూడు నిమిషాల్లో తినకపోతే చక్రం మెత్తబడుతుంది. అందరూ వచ్చేదాకా ఆగి కూర్చుని తినడం కుదరదు. అల్లుడు ఒక్కడే కూర్చుని తింటుంటే మిగతా తొమ్మిదిమంది చుట్టూ నిలబడి చూడటం ఆయనకూ ఇబ్బందే. అది కానుకతో పాటు వచ్చిన శిక్ష.

ఇక కరెంటు. 2024 ఫిబ్రవరి నుంచి గృహజ్యోతి పథకం కింద తెల్లరేషన్ కార్డు ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. ఆ పథకం తెచ్చిన ముఖ్యమంత్రి మా కొడంగల్ నియోజకవర్గం ఎమ్మెల్యేనే గనక, సున్నా బిల్లు మా ఊళ్లో పరువు సంగతి కూడా. 200 దాటిందా, ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. మిషన్ 1,500 వాట్లది. విడతకు పన్నెండు నిమిషాలంటే మహా అయితే 0.3 యూనిట్. పదిమందికి తిప్పితే రెండు యూనిట్లకు పైమాటే. నెలాఖరులో బావ దిగితే అమ్మ పళ్లెం కంటే ముందు మీటరు చూసి వస్తుంది. బడికి పెద్దగా పోని మనిషి, ఈ తీసివేత మాత్రం ఇప్పటిదాకా తప్పలేదు. ఒకసారి నూటతొంభై ఎనిమిది దగ్గర ఆగిందట. ఆ రోజు మిషన్‌కు "ఏందో అయింది" అని చెప్పి మిర్చీలు కడాయిలో వేసింది. బావ మామూలు కంటే ఎక్కువ తిన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

బావ లేని రోజుల్లో మిషన్‌కు వేరే బతుకుంది. అమ్మ అందులో పల్లీలు వేయిస్తుంది. పెంక దగ్గర నిలబడి కలిపే పని లేదు, ఒక్కటీ మాడదు. ఈ జిల్లాల్లో ఆ మిషన్‌ను అమ్మేవాళ్లు ఉల్లి చక్రాల బొమ్మ తీసేసి పల్లీల బొమ్మ వేసుకుంటే ఎక్కువ పోతాయని నా అభిప్రాయం. అప్పడాలు మాత్రం వేయొద్దు. బరువు లేక ఫ్యాను గాలికి పైకి లేచి కాయిల్‌కు అతుక్కుంటాయి.

నాయిన మాటేమిటంటే, చక్రాలను శ్రద్ధగా తింటాడు. జొన్నరొట్టెలో నంజుకుంటాడు కూడా, పక్కన గుద్దిన పచ్చి ఉల్లిగడ్డ ఎలాగూ ఉంటుంది. తర్వాత కండువా వేసుకుని "ఒకసారి బస్టాండు దిక్కు పోయొస్త" అంటాడు. మొన్న బావ పనిమీద అటు వెళ్లి, మిర్చి బండి దగ్గర నాయిన చేతిలో నూనె ఓడుతున్న పేపరు చూశాడు. ఇద్దరూ కాసేపు మాట్లాడుకోలేదు. చివరికి బావే, "మామా, డాక్టరు నూనె తగ్గియ్యమన్నడు గదా" అన్నాడు.

నాయిన ఒక మిర్చి సగం తుంచి అల్లుడి చేతిలో పెట్టి, "ఇది మిషిన్ల మిగిలిన నూనెనే అల్లుడూ. ఇంట్ల మిగిలినది యాడనో ఒకతాన వాడాలె గదా" అన్నాడట.