గోడకు కాసిన అరటి

అనంతపురం మనిషి కొత్తకాలం చిత్రకళ చూడాలంటే బెంగళూరే దిక్కు. 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని 200 కిలోమీటర్లకు పైగా పోవాలి. అక్కడ ప్యాలెస్ రోడ్డులోని మాణిక్యవేలు మాన్షన్‌లో 2009 నుంచి జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల నడుస్తోంది. కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన ‘మ్యాప్’ అనే కళా మ్యూజియం ఉంది. ఒక్కరోజులో రెండూ చుట్టేద్దామని ప్లాను వేసి, తోడుకు మామను పిలిచాను.

మామకు తాడిపత్రి వైపు మూడెకరాల అరటి ఉంది. 2020 జనవరిలో అక్కడి అరటి ప్రత్యేక రైలెక్కి ముంబై రేవుకు, అటునుంచి ఇరాన్‌కు పోయింది. ఆ రైలు ఫోటో ఇప్పటికీ మామ ఫోన్లో భద్రం.

“సోమవారమైతే వస్తా అబ్బీ. కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చేకి ఎట్లాగూ టౌనుకు వస్తాండా.”

“సోమవారం గ్యాలరీలకు సెలవు మామా.”

“అర్జీలు తీసుకునేదీ ఆ పొద్దే, వాళ్లు తలుపులేసుకునేదీ ఆ పొద్దేనా? సరే, మంగళారం పోదాం. ఇంతకీ ఆడేముంటాది?”

నా పరిజ్ఞానం చూపించే అవకాశం వచ్చింది. ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ గోడకు అంటించిన అరటిపండు గురించి చెప్పాను. పేరు ‘కమెడియన్’. 2024 నవంబరులో న్యూయార్క్ సోత్‌బీస్ వేలంలో 62 లక్షల డాలర్లు పలికింది. మన లెక్కన 52 కోట్ల రూపాయలు.

మామ తొణకలేదు. “రకమేంది? జీ-నైనా?”

“తెలీదు మామా.”

“డ్రిప్పా, కాలువ నీళ్లా?”

“టేపు మామా. గోడకు టేపేసి అంటించారు.”

“నాలుగు దినాలకు కుళ్లిపోదూ?”

“కుళ్లితే ఇంకో పండు పెట్టుకోవచ్చు. అమ్మేది పండు కాదు, కాగితం. ఇది ఫలానా కళాకారుడిదని సర్టిఫికెట్టు, ఎట్లా అంటించాలో సూచనలు.”

ఇది మామకు ఇట్టే అర్థమైంది. “కాగితం మహిమ నాకు చెప్తావా? మండలమంతా ఎండిపోయినా జీవోలో పేరు రాకపోతే అది కరువు కాదు. పండుకీ అంతేనేమో. సరే, కొన్నోడు ఏం జేసినాడు?”

“తినేశాడు.”

“మంచోడే. ధర పడిన ఏడు మా గెలలు గొర్రెలు తిన్నాయి.” కాసేపు ఆగి అడిగాడు: “గోడకు అంటించిన ఆ పండు యాడిది? కొన్నదెంతకు?”

“వేలం జరిగిన చోటే, వీధిలో బండి మీద కొన్నారంట. 35 సెంట్లు. దాదాపు ముప్పై రూపాయలు.”

52 కోట్లంటే కదలని మామ మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

“ఒక్క కాయకు ముప్పై రూపాయలా!”

మంగళవారం ప్రయాణం రద్దయింది. సోమవారం మామ అర్జీలో ఒక వాక్యం అదనంగా రాయించాడు: ‘మా అరటిని కళగా గుర్తించనక్కర లేదు, న్యూయార్కు తోపుడుబండి ధరకు కొనిపించ ప్రార్థన.’

రసీదు మాత్రం వెంటనే ఇచ్చారు. కాగితమే కదా!