మాత్రకు మర్యాద పోయిన కాలం

మందుల అంగడిలో నిలబడి తల నెరిసినవాణ్ణి. తిరుపతిలో కొన్నాళ్ళు, చిత్తూరులో మిగతా బతుకంతా డాక్టర్ల చీటీలు చదువుతూనే గడిపాను. మా రోజుల్లో మందు దొరకడం కష్టం. దొరికితే కళ్ళకద్దుకుని వేసుకునేవాళ్ళు. ఇప్పుడు అన్నీ దొరుకుతున్నాయి, సరిగ్గా వేసుకునేవాళ్ళే కరువయ్యారు. అందులోనూ థైరాయిడ్ మాత్రకు జరుగుతున్న అన్యాయం చూస్తే నాకు కడుపు మండిపోతుంది.

అప్పట్లో ఊళ్ళలో థైరాయిడ్ అన్న మాటే వినపడేది కాదు. మెడ ముందు వాపు వస్తే గొంతుగడ్డ అనేవాళ్ళు. మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, జుట్టు రాలి, పట్టపగలు తూగుతూ ఉన్న కోడల్ని సోమరిపోతని తిట్టేవాళ్ళు. కడుపు నిలవకపోతే గొడ్రాలన్నారు. ఎదుగూబొదుగూ లేని పసిబిడ్డను దేవుడి రాత అని మూలన కూర్చోబెట్టారు. వాళ్ళలో ఎంతమందికి రోజుకో చిన్న మాత్ర సరిపోయేదో! ఎవరైనా డాక్టరుకు అనుమానం వస్తే రాయవేలూరు పెద్దాసుపత్రికి పొమ్మని రాసిచ్చేవాడు. బస్సెక్కి పోయి, రక్తమిచ్చి, ఫలితం వచ్చేదాకా కాచుకుని, మాత్రల సీసా తెచ్చుకునేవాళ్ళు. డాక్టరు చెప్పిన వేళకు తప్పితే మూత తీసేవాళ్ళు కాదు.

1993లో తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి వచ్చింది. మెల్లమెల్లగా హార్మోన్ల డాక్టర్లు మన ఊళ్ళకే వచ్చారు. ఇప్పుడు వీధికో ల్యాబు. పొద్దన్నే రక్తమిస్తే సాయంత్రానికి ఫలితం ఫోన్లోకి వస్తుంది. మాత్ర ఖరీదు హోటల్లో తాగే కాఫీ అంత కూడా లేదు. ఇంత భాగ్యం మా జేజిల కాలంలో ఉండుంటే ఎన్ని ఇళ్ళు నిలబడేవి!

ఈ మందు వెనక ఎంత కష్టముందో చెబుతాను, వినండి. 1891లో ఇంగ్లండులో ముర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ గ్రంథి రసాన్ని ఒక రోగికి సూదిమందుగా ఇచ్చాడు. ఆమె ఇంకో 28 ఏళ్ళు బతికింది. 1914లో అమెరికాలో కెండాల్ థైరాయిడ్ గ్రంథి నుంచి థైరాక్సిన్ అనే హార్మోనును విడదీశాడు. 1927లో హారింగ్టన్, బార్జర్ దాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. ఇప్పుడు మన చేతికొచ్చే మాత్రలో ఉన్నది అదే థైరాక్సిన్. కొలత మైక్రోగ్రాముల్లో, అంటే గ్రాములో పది లక్షల వంతుల్లో. ఒంట్లో తగ్గినదాన్ని తగ్గినంత మేరకే పూడ్చే మందు ఇది. బలానికి తాగే టానిక్కు కాదు.

మరి ఇప్పటివాళ్ళు ఎలా వేసుకుంటున్నారు? ఒక చేత్తో మాత్ర, ఇంకో చేత్తో ఫిల్టర్ కాఫీ! పరగడుపున నీళ్ళతో మాత్రే వేసుకుని అరగంట, కుదిరితే గంట ఆగాలని చీటీ మీద రాసే ఉంటుంది. కాఫీ తగిలితే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. రాగిజావ మంచిదే, మన సీమ ప్రాణమే అది. కానీ రాగుల్లో సున్నం, అంటే క్యాల్షియం ఎక్కువ కాబట్టి అది కూడా కాసేపు ఆగి తాగాలి. ఐరన్ మాత్రకైనా క్యాల్షియం మాత్రకైనా దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇవన్నీ కలిపి ఒకేసారి మింగేసి, మందు పనిచేయలేదని మోతాదు పెంచమంటారు. మోతాదు మార్చాక ఆరు వారాలు గడిస్తేగానీ రక్తంలో తేడా తేలదు. అన్నాళ్ళు ఆగే ఓపిక ఎవరికుంది?

దీనికి తోడు డబ్బాల వ్యాపారం. థైరాయిడ్‌కు బలమని సముద్రపు నాచు పొడి, పశువుల గ్రంథి ఎండబెట్టి నింపిన గొట్టం మాత్రలు. అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకొస్తూ పెట్టెలో తెచ్చి అమ్మానాన్నల చేతిలో పెడుతున్నారు. అక్కడే 2013లో ఇలాంటి డబ్బాలు పదింటిని పరీక్షిస్తే తొమ్మిదింటిలో థైరాయిడ్ హార్మోను తేలింది. మూలికలనుకుని మింగుతున్నది లెక్కాపత్రం లేని హార్మోను! ఇక జుట్టుకని వేసుకునే బయోటిన్ రక్తపరీక్ష ఫలితాన్నే తారుమారు చేయగలదు. రక్తమిచ్చేముందు ఆ సంగతి ల్యాబులో ఎందరు చెబుతున్నారు?

ఈమధ్య ఇంకో మాట వింటున్నాను. అగరుబత్తి పడదు, ఫినాయిల్ పడదు, సెంటు పడదు, కొత్తగా రంగేసిన ఇంట్లో అడుగుపెడితే తల తిరుగుతుంది, దీనికీ థైరాయిడ్ మాత్రే మందు అంటారు. ఆ బాధ అబద్ధమని నేననను. మామిడితోటలో పురుగుమందు కొట్టినరోజు చుట్టుపక్కలవాళ్ళు వాంతులు చేసుకోవడం చూశాను. మదనపల్లె వైపు టమోటా చేలల్లో కూలీలు తల పట్టుకుని గట్టుమీద కూర్చోవడం చూశాను. మా కాలంలోనూ గాదెల్లో గమాక్సిన్ చల్లారు, గోడలకు డీడీటీ కొట్టారు. అయితే వాసన పడని బాధను థైరాయిడ్ హార్మోను నయం చేస్తుందని ఎక్కడా రుజువు కాలేదు. రక్తపరీక్ష బాగానే ఉన్నా ఎవరో చెప్పారని మాత్ర మొదలుపెడితే గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి రావచ్చు. ఏళ్ళు గడిస్తే ఎముకలు గుల్లబారవచ్చు. వాసన పడనివాళ్ళు ముందు ఆ వాసనకు దూరంగా జరగాలి. కిటికీలు తెరవాలి, ఉబ్బసమో తలనొప్పి జబ్బో ఉందేమో డాక్టరుకు చూపించుకోవాలి. మందు కొట్టే కూలీకి ముసుగూ తొడుగులూ ఇవ్వాల్సిన బాధ్యత తోట యజమానిది.

థైరాయిడ్‌కు కావాల్సిన అయోడిన్ ఉప్పు దగ్గరా ఇదే తంతు. శ్రీకాకుళంలో పుట్టిన మన తెలుగువాడు ఉలిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయాల కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పు పంచే పరిశోధన మొదలుపెట్టాడు. అది వాడిన పల్లెల్లో గొంతువాపులు తగ్గాయి. 1962లో జాతీయ కార్యక్రమం వచ్చింది. ఇంటికి చేరే ఉప్పులో కనీసం 15 పీపీఎం, అంటే పది లక్షల్లో 15 వంతుల అయోడిన్ ఉండాలన్నది ఇప్పటి నియమం. అంతమంది శ్రమపడి వంటింటికి చేర్చిన ఆ ఉప్పును పక్కకు నెట్టి, అయోడిన్ దాదాపు లేని గులాబీరంగు రాతి ఉప్పును ఎక్కువ డబ్బు పోసి కొంటున్నారు. కడుపుతో ఉన్న అమ్మాయిలకు కూడా అదే పెడుతున్నారే!

ముసలివాళ్ళను కూడా వదలడం లేదు. వయసుతోపాటు థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అనే అంకె కాస్త పెరగడం సహజం. 65 దాటి, కొద్దిపాటి తేడా మాత్రమే ఉన్నవాళ్ళకు మాత్రలిచ్చి చూస్తే అలసటలో తేడా ఏమీ కనపడలేదని 2017లో యూరప్ పరిశోధన తేల్చింది. ఇక్కడేమో ప్యాకేజీ పరీక్షలో ఒక అంకె ఎర్రగా కనపడగానే కొడుకులు అంగడికొచ్చి సీసా అడుగుతారు. డాక్టరు ఏమన్నాడయ్యా అంటే, చూపించలేదంటారు.

నా గోడు ఇంతే. అవసరమున్నవాళ్ళు ఈ మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దు. అవసరం లేనివాళ్ళు ఒక్కటి కూడా మింగొద్దు. చీటీ లేకుండా ఏ అంగడీ ఇవ్వొద్దు. మన దేశంలో సుమారు వెయ్యి మంది బిడ్డల్లో ఒకరు థైరాయిడ్ లోటుతో పుడుతున్నారు. పుట్టిన కొద్ది రోజులకే మడమ నుంచి ఓ చుక్క రక్తం తీసి చూసి, రెండు వారాల్లోపు మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ బుద్ధి చక్కగా ఎదుగుతుంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏ ఆసుపత్రిలో కాన్పయినా బిడ్డను ఇంటికి పంపేముందు ఈ పరీక్ష చేసి తీరాలి. చేశారా అని అడగండి నాయనా. డబ్బాలకు పోసే డబ్బులో వందో వంతు శ్రద్ధ దీనిమీద పెట్టండి.