బస్సు ఆగితేగా వింత చూసేది

ఏమోయ్ కుర్రాడా, ఇందాక ఫోన్లో చేపతోక అమ్మాయి నీళ్లలో మెలికలు తిరుగుతుంటే రెండు క్షణాలు చూసి పైకి తోసేశావే, దానికోసం అమెరికావాళ్లు ఒకప్పుడు కార్లు ఆపుకుని దిగేవాళ్లు. వినే ఓపిక నీకెక్కడిది గాని, చెప్పే ఓపిక నాకుంది.

మా అమ్మాయి వాళ్లింటికి ఫ్లోరిడా వెళ్లినప్పుడు డిస్నీ చూపిస్తామన్నారు. టిక్కెట్టు ధర రూపాయల్లోకి మార్చుకునేసరికి నాకు నడుంనొప్పి వచ్చింది. అల్లుడు జాలిపడి వీకీ వాచీ అనే ఊటకి తీసుకెళ్లాడు. 19వ నంబరు రోడ్డూ 50వ నంబరు రోడ్డూ కలిసేచోటు. అంటే అదీ మన హనుమాన్ జంక్షన్ లాంటిదే! ప్రాణం లేచొచ్చిందనుకో.

మనకి స్వాతంత్ర్యం వచ్చిన రెండు నెలలకి, 1947 అక్టోబర్ 13న, న్యూటన్ పెర్రీ అనే ఈతగాడు మొదలుపెట్టాడు అక్కడ జలకన్యల ఆట. నేవీ వాళ్లకి ఈత నేర్పినవాడు. ఊట గట్టున సున్నపురాయిలో, నీటిమట్టానికి ఆరడుగుల కిందకి 18 మంది పట్టే చిన్న హాలు కట్టాడు. మనం పొడిగా కూర్చుంటాం, అద్దానికి అవతల అమ్మాయిలు నీళ్లలో ఆడతారు. వీపున సిలిండరు గట్రా ఏమీ లేదు. గాలి వచ్చే రబ్బరు గొట్టం ఒకటి పక్కన వేలాడుతుంటుంది. అందుకుని ఓ గుక్క పీల్చి, వదిలేసి, నవ్వుతూ మళ్లీ ఆట. నీళ్లలోనే అరటిపండు ఒలుచుకు తినేవాళ్లట, సీసా ఎత్తి కూల్‌డ్రింకు తాగేవాళ్లట. నాకు ఒడ్డున కూర్చుని తాగితేనే పొలమారుతుంది. పైగా ఏడాది పొడుగునా 23 డిగ్రీల చన్నీళ్లు! 1997లో యాభయ్యేళ్ల పండక్కి పాత జలకన్యలు తిరిగొచ్చి మళ్లీ నీళ్లలోకి దిగారట. అది విని మా ఆవిడ నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను.

అసలు సంగతి అది కాదు. తొలిరోజుల్లో ఆ రోడ్డు మీద కార్లే తక్కువ. ఇంజను చప్పుడు వినపడితే చాలు, ఆ పిల్లలు ఈతబట్టల్తోనే రోడ్డు మీదకి పరుగెత్తి చేతులూపి పిలిచేవాళ్లట. మన జంక్షన్లో మాత్రం? బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే జాంకాయల బుట్టలూ ముంజల గెలలూ కిటికీల దాకా లేచేవి. బెజవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ, ఎటు పోవాలన్నా ఇక్కడ దిగాల్సిందే. దిగినవాడు స్వామికి దణ్ణం పెట్టుకుని, టీ తాగి, పక్కవాడి చుట్టరికం కూపీ లాగేవాడు. బస్సు లేటయితే ఇంకా మంచిది, సంబంధాలే కుదిరేవి.

జలకన్య మనకి లేదు గానీ నాగకన్య ఉండేది. బెజవాడ పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ ఎగ్జిబిషన్లో, తెరచాటున, బల్లమీద చుట్టిన గుడ్డపాముకి అమ్మాయి తలకాయ. ఏం తింటావమ్మా అని మైకువాడు అడిగితే పాలు అనేది. బల్లకింద మిగతా అమ్మాయి ఉందని మాకు తెలుసురా! తెలిసి కూడా నోరెళ్లబెట్టాం, అదీ మర్యాదంటే. తర్వాత 1996లో రాఘవేంద్రరావు గారు 'సాహసవీరుడు సాగరకన్య' తీస్తే ఎడ్లబండి మీద కాదు గాని, ట్రాక్టరెక్కి వెళ్లి చూశాం. ఇప్పుడా గ్రౌండ్సులో అంబేద్కర్ గారి 125 అడుగుల విగ్రహం నిలబడింది. ఆయన్ని ఏమీ అనలేను, నాగకన్యకి ఇంకో చోటు చూపించకపోవడం మీదే నా గొడవ.

ఆ ఊటకి 1959లో ఏబీసీ టీవీ కంపెనీ వచ్చి పెద్ద హాలు కట్టింది. జనం విరగబడ్డారు. ఆ తర్వాత పెద్దరోడ్డు ఇంకోవైపు పడింది, 1971లో డిస్నీ వచ్చింది, కార్లన్నీ అటు తిరిగాయి. చివరికి 2008లో ప్రభుత్వం స్టేట్ పార్కు చేసి ఆదుకుంది. మన జంక్షన్ని ఎవరు ఆదుకుంటారు? మనకీ బైపాసు పడింది. స్వామి గుడి అటుందో ఇటుందో తెలియకుండానే జుయ్యిమని వెళ్లిపోతున్నారు, దిగి ఓ టీ తాగితే కిరీటాలు పడిపోతాయన్నట్టు.

మొన్న ఏలూరులో పెళ్లి చూసుకుని అటునుంచటే బెజవాడ మోకాళ్ల డాక్టరు దగ్గరికి పోతూ నేనూ ఆ బైపాసు మీంచే వెళ్లాననుకో. డ్రైవరు జంక్షన్లోకి పోనిమ్మంటారా అని అడిగాడు కూడా. టైము చూశావా, పోనీయవోయ్ అని కసిరాను.