నరసాపురం లేసు సూదిని నేను

మామూలు సూదికి వెనక బెజ్జం ఉంటుంది, నాకు ముందు కొక్కెం ఉంటుంది. దారం నాలోంచి దూరిపోదు. నా కొనకి తగులుకుని, తన ఉచ్చులోంచి తానే బయటికొస్తుంది. ఆ ఉచ్చులోంచి ఇంకొకటి. అలా గొలుసు సాగుతుంది, గొలుసు చుట్టు తిరిగితే పువ్వవుతుంది, పువ్వుకి పువ్వు అతికితే బల్లగుడ్డ అవుతుంది, మంచం నిండే దుప్పటవుతుంది. నన్ను ఉక్కుతో చేశారు. నడుము దగ్గర నొక్కిన నంబరు నాతో అల్లే ఆమె బొటనవేలి కింద ఎప్పుడో అరిగిపోయింది.

మా పని ఈ గోదావరి ఒడ్డుకి 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. మొదట నేర్చుకున్నది కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన పేద ఆడవాళ్లు. తరవాత కాపుల ఇళ్లలోకీ పాకింది. వీళ్లు అల్లినవి ఓడలెక్కి పరాయి దేశాల బల్లల మీద పరుచుకున్నాయి. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు ఆడవాళ్ల మీద ఒక పుస్తకమే తెచ్చింది. పొద్దస్తమానం అల్లుతున్నా వీళ్లని పనివాళ్లుగా ఎవరూ ఎంచరనీ, ఇంట్లో ఊరికే కూర్చున్న ఇల్లాళ్లు తీరిక వేళ చేసుకునే పనిగా దాన్ని జమకడతారనీ అందులో రాసింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకు ఎంతో సంతోషం. కానీ ఆ తీరిక లెక్క మాత్రం ఇళ్లలో ఇంకా పోలేదు. క్రిస్మస్ కానుకలప్పుడు అది బాగా బయటపడుతుంది. "నీకేం ఖర్చు పిన్నీ, చేతిలో పనేగా" అంటారు.

ఖర్చు ఉంది. ఏజెంటు దారం తూచి ఇస్తాడు, పనయ్యాక లేసు తూచి తీసుకుంటాడు. ఆ దారంలో మూరెడు కూడా ఆమెది కాదు, అందులోంచి ఆమె ఎన్నడూ తుంచలేదు. కానుకల కోసం ఉండలు తన డబ్బుతో కొనుక్కుంటుంది. అదీ వానాకాలంలోనే. డిసెంబరులో అయితే పిల్లల బట్టలు, అరిసెల బెల్లం, కేకు, రాత్రిళ్లు క్యారల్స్ పాడుతూ వచ్చేవాళ్ల చేతిలో పెట్టేది, చర్చిలో వేసే కానుక, అన్నీ ఒక్కసారే మీదపడతాయి. ఇంక దారానికి ఎక్కడ మిగులుతుంది? ఏజెంటు లెక్క తప్పిందనో మరక పడిందనో తిప్పి పంపిన పువ్వులు కూడా దాచుకుంటుంది. వాటికి కోసిన కూలి అప్పుడే పోయింది, ఉతికితే పువ్వు మాత్రం మిగులుతుంది.

దారం కంటే ముందు ఆమె ఏరుకునేది ఇంకొకటుంది. ఎవరింటికి వెళ్లినా అక్కడ ఏది లేక ఇబ్బంది పడుతున్నారో చూస్తుంది. పక్కింటి మామ్మకి రోజూ సాయంత్రం కళ్లజోడు వెతుక్కోవడమే పని. ఒడిలో, దిండు కింద, ఒకసారి బియ్యం డబ్బాలో కూడా దొరికింది. మామ్మ కొడుకు మంచి చీరే కొనిపెడతాడు పండక్కి, అది పెట్టెలోకి వెళ్తుంది. మా ఆమె ఏం చేసిందంటే, కళ్లజోడు రెండు కొనలకీ తగిలించే తాడు అల్లింది. వట్టి గొలుసు కుట్టు, పక్కన ఒక వరస గట్టి కుట్టు. దానికి పట్టిన దారం ఎంతని! కానీ మెడకి గుచ్చుకోకుండా ఉండాలని మూడుసార్లు విప్పి మళ్లీ అల్లించింది నా చేత. మామ్మ మెడ చర్మం పల్చనైపోయిందని ఆమెకి తెలుసు. షాపులో కొన్న తాడుకి అది తెలియదు.

మిగతావి త్వరగానే అయిపోయేవి. పెళ్లి కుదిరిన మేనకోడలి జాకెట్టు చేతులకి సన్నటి అంచు. పాస్టరుగారి భార్యకి అందరూ ప్లాస్టిక్ పూలే పట్టుకెళ్తారు, ఈమె మూడు పోగుల పుస్తకగుర్తు ఇచ్చింది: పాత నిబంధనకొకటి, కొత్త నిబంధనకొకటి, కీర్తనల పుస్తకానికొకటి. రేవు దగ్గర టీ కొట్టు నడిపే తమ్ముడికి పాలగిన్నె మీద కప్పే గుండ్రటి గుడ్డ. దాని అంచున పాత దండ పూసలు కుట్టింది, గోదావరి గాలికి ఎగిరిపోకుండా బరువు కోసం. ఆ పూసల కుట్టు నాకు ఇష్టం. అందం, అవసరం ఒకే చోట కూర్చుంటాయి అక్కడ.

అన్నిటికంటే ఎక్కువ రాత్రులు తిన్నది కూతురి కానుక. కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఇక్కడ డిసెంబరు రాగానే వెదురుబద్దలకి రంగుకాగితం అంటించిన నక్షత్రాలు ఇంటింటి మీదకీ ఎక్కుతాయి. అక్కడ ఆ పిల్లకి ఇంకొకరితో పంచుకున్న గది, ఒక మంచం. అందుకని నలభై నంబరు తెల్లదారంతో అరచేతిలో పట్టే నక్షత్రం అల్లింది. గంజిలో ముంచి, పీట మీద గుండుసూదులతో కొనలన్నీ లాగి గుచ్చి, ఎండబెట్టింది. పలకలా బిగుసుకుంది. నడిమధ్యలో పెట్టిన పువ్వు వేరే ఎవరికీ ప్రత్యేకంగా కనబడదు. కూతురు చిన్నప్పుడు లెక్క తప్పకుండా పూర్తిచేసిన మొదటి పువ్వు అది, నాతోనే అల్లింది. సెలవుకి వచ్చి తిరిగివెళ్తున్న ఊరమ్మాయి హ్యాండ్‌బ్యాగులో, ఉత్తరం కవరులో వెళ్లింది. సామాను తూకంలో దానికి లెక్కే లేదు.

ఇంత ఇష్టంగా ఇచ్చే మనిషి ఒకసారి ఇవ్వనని చెప్పింది. చుట్టాల్లో ఒకావిడ "డబుల్ కాట్ దుప్పటి ఒకటి అల్లిపెట్టు వదినా, క్రిస్మస్ కానుక అనుకుంటాను" అంది. "దానికి నెలల పని పడుతుంది వదినా. కూలి ఇంతవుతుంది, దారం ఇంతవుతుంది. ఇస్తానంటే అల్లుతాను. కానుకంటావా, నాకు చేతనైంది నేను చూసి ఇస్తాను" అంది మా ఆమె, గొంతు పెంచకుండానే. ఆ మాట విన్న రోజు నేను ఆమె చేతిలో ఉన్నందుకు గర్వపడ్డాను. డబ్బులేని ఇంట్లో కానుక అంటే నిద్ర లోంచి తీసి ఇచ్చేది. అది ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చుకోవలసింది నిద్ర పోగొట్టుకునే మనిషే.

ఆ రాత్రులన్నీ చూసిన మనిషి ఇంట్లో ఒకతె ఉంది, కోడలు. ఆమెకి అల్లడం రాదు, చేతిలో డబ్బు ఆడదు. కిందటి క్రిస్మస్‌కి వారం ముందు, నన్ను అత్తగారి చేతిలోంచి తీసుకుని డబ్బాలో పెట్టింది.

"ఏవమ్మా?" అంది ఈమె.

"పండగ వెళ్లేదాకా వంట, అంట్లు, నీళ్లు నావి అత్తయ్యా. మీరు తొమ్మిదింటికి పడుకోండి. నా దగ్గర కొనివ్వడానికి ఏం లేదు. ఇదే నా కానుక."

"అరిసెల పాకం నీకు రాదుగా?"

"పక్కన కూర్చుని చెప్పండి. గరిట మాత్రం నాది."