ఆంగ్లం మాట్లాడకుండానే ఆంగ్ల వ్యాకరణ పండితులు కాదలచినవారికి

శాస్త్రగ్రంథాల ఆరంభంలో అనుబంధ చతుష్టయం చెప్పడం పూర్వుల మర్యాద: గ్రంథం దేన్ని గురించి చెబుతుందో అది విషయం, చదివితే కలిగే ఫలం ప్రయోజనం, గ్రంథానికీ వాటికీ ఉండే పొందిక సంబంధం, చదవడానికి తగినవాడు అధికారి. ఆ మర్యాద ప్రకారం ఇక్కడ విషయం ఆంగ్ల వ్యాకరణం. ప్రయోజనం, జీవితాంతం ఆంగ్లం నేర్చుకుంటూనే ఉండి, దాన్ని ఒక్కసారైనా ప్రయోగించవలసిన అగత్యం రాకుండా కాపాడుకోవడం. అధికారి, పదో తరగతి ఆంగ్లంలో 90కి పైగా మార్కులు తెచ్చుకుని, రైల్లో పక్క సీటులోని ఒడియా ప్రయాణికుడు టైమెంతని ఆంగ్లంలో అడిగితే చేతిగడియారం చూపించి ఊరుకునే తెలుగువాడు. సంబంధం ఏమిటన్నది గ్రంథం పూర్తయ్యాక కూడా అధికారికి బోధపడదు కనుక దాన్ని విడిచిపెట్టవచ్చు.

సాధకుడు మొట్టమొదట అలవరచుకోవలసిన గుణం, నియమం ఎక్కడి నుంచి వచ్చిందని అడగకపోవడం. అడిగినవారికి ఎంత మనశ్శాంతి పోతుందో తెలియడానికి ‘షల్’, ‘విల్’ అనే సహాయక క్రియల కథ ఒక్కటే చాలు. సహాయక క్రియ అంటే ప్రధాన క్రియకు ముందు నిలిచి కాలాన్నో సంకల్పాన్నో అనుమతినో సూచించే చిన్న క్రియ. ఉత్తమ పురుషలో, అనగా మాట్లాడేవాడు తనను గురించి చెప్పుకునేటప్పుడు, ‘షల్’ కేవలం జరగబోయేదాన్ని చెబుతుందనీ, ‘విల్’ వాగ్దానమో బెదిరింపో అవుతుందనీ, మధ్యమ, ప్రథమ పురుషలలో ఇదంతా తలకిందులవుతుందనీ 1653లో సూత్రీకరించినవాడు జాన్ వాలిస్. ఆయన గణితశాస్త్రజ్ఞుడు, ఆ తరువాత రెండేళ్లకు, అనంతాన్ని సూచించే గుర్తును, పడుకోబెట్టిన ఎనిమిది అంకెలా ఉండేదాన్ని, గణితంలో ప్రవేశపెట్టినవాడు కూడా ఆయనే; ఈ సూత్రం ఉన్న తన ఆంగ్ల వ్యాకరణాన్ని ఆయన రాసింది లాటిన్ భాషలో. ఆంగ్లం మాతృభాషగా గలవారిలో చాలామంది, ముఖ్యంగా స్కాట్లండు, ఐర్లండు, అమెరికా వాసులు, ఈ తేడాను పాటించిన పాపాన పోలేదు. తెలుగునాట పరీక్షాపత్రాలు మాత్రం చాలాకాలం దానికి మార్కులు కేటాయించి వాలిస్ రుణం తీర్చుకున్నాయి.

వాక్యాన్ని ప్రిపొజిషన్‌తో ముగించరాదన్న నిషేధం ఇంకా రుచికరమైనది. తెలుగులో ‘లో’, ‘కు’, ‘తో’ వంటి విభక్తి ప్రత్యయాలు నామం వెనక చేరి చేసే పనిని ఆంగ్లంలో నామానికి ముందు నిలిచే ‘ఇన్’, ‘టు’, ‘విత్’ వంటి పదాలు చేస్తాయి; వాటికే ఆ పేరు. 1672లో కవి జాన్ డ్రైడెన్, ముందు తరం నాటకకర్త బెన్ జాన్సన్ రచనలో తప్పులు ఏరుతూ, వాక్యం చివర మిగిలిపోయిన ప్రిపొజిషన్‌ను కూడా ఒక తప్పుగా జమకట్టాడు. తరువాత తన పాత వ్యాసాన్ని మళ్లీ అచ్చు వేయించవలసి వచ్చినప్పుడు తన వాక్యాల్లోనే అవి కనిపించగా కూర్చుని దిద్దుకున్నాడు. 1762లో వ్యాకరణం రాసిన మతాచార్యుడు రాబర్ట్ లౌత్, దరిమిలా లండన్ బిషప్ అయినవాడు, ఈ ప్రయోగం వైపు ఆంగ్లానికి సహజంగానే మొగ్గు ఉన్నదని ఒప్పుకుని, గంభీర రచనలో మానుకుంటే మేలన్నాడు. ఆ మొగ్గు సంగతి చెప్పిన మాటను ఆయన ముగించింది ‘టు’తోనే. అది చమత్కారమో ఏమరుపాటో చదివినవారి రసికతను బట్టి ఉంటుంది. అమెరికాలో న్యాయవాదిగా ఉండి ఇంగ్లండులోని యార్క్ దగ్గర స్థిరపడిన లిండ్లీ ముర్రే, అక్కడి బాలికల పాఠశాల కోసం 1795లో తయారుచేసిన వ్యాకరణంలోకి లౌత్ సరుకును ధారాళంగా ఎత్తి రాసుకున్నాడు. ఆ పుస్తకం లక్షల ప్రతులు చెల్లేసరికి, ఒక బిషప్ మర్యాదగా ఇచ్చిన సలహా లోకానికి శాసనమైంది.

‘టు’కూ దాని వెనక వచ్చే క్రియకూ మధ్య మరో పదం చొరబడరాదన్నది 19వ శతాబ్దపు కానుక. ఆ జంటను ఇన్ఫినిటివ్ అంటారు. ‘చేయడానికి’, ‘వెళ్లడానికి’ వంటి తెలుగు రూపాలకు అది ఇంచుమించు సాటి. లాటిన్ మీది గౌరవమే ఈ నిషేధానికి మూలమని సాధారణంగా చెబుతారు: లాటిన్‌లో ఇన్ఫినిటివ్ ఒకే పదం కనుక దాన్ని చీల్చడం ఎవరి తరమూ కాదు, కాబట్టి రెండు పదాలుగా ఉన్న ఆంగ్లంలోనూ చీల్చరాదు. తెలుగువారికి ఈ తర్కం వింతగా తోచనక్కరలేదు. తెలుగుకు తొలి వ్యాకరణంగా సంప్రదాయం చెప్పుకునే ‘ఆంధ్రశబ్దచింతామణి’ సూత్రాలు ఉన్నది సంస్కృతంలో. ఇంటి భాషకు పెద్దింటి భాష చేత పెద్దరికం ఇప్పించడం రెండు దేశాల పండితులకూ ఉన్న సరదాయే. 1926లో వాడుక నిఘంటువు వెలువరించిన హెచ్. డబ్ల్యూ. ఫౌలర్, ఈ చీలిక విషయంలో ఆంగ్లభాషీయులను ఐదు తెగలుగా విభజించి, అదేమిటో తెలియక, తెలుసుకోవాలన్న చింత లేక బతికేవారే అధికసంఖ్యాకులనీ, మిగిలినవారు చూసి అసూయపడదగినంత సుఖజీవులు వారేననీ తేల్చాడు. సాధకుడు ఆ అధికసంఖ్యాకులలో చేరిపోకుండా చివరిదాకా జాగ్రత్తపడాలి.

ఉపకరణాల విషయంలో పెద్దగా వెతుకులాట అవసరం లేదు. బొంబాయి ప్రాంతంలో విద్యాశాఖ ఉద్యోగిగా పనిచేసి, తరువాత 1924లో ‘బో జెస్ట్’ అనే సాహస నవలతో పేరు మోసిన పి. సి. రెన్, హెచ్. మార్టిన్‌తో కలిసి భారతీయ విద్యార్థుల కోసం రాసిన వ్యాకరణం, ఎన్. డి. వి. ప్రసాదరావు సవరించిన రూపంలో, ఇప్పటికీ ఇంటింటా అలమారల్లో ఉంటుంది. పుస్తకం మంచిది, అందులోని అభ్యాసాలన్నీ ఓపికగా చేసినవారికి ఆంగ్లంలో రాయడం నిజంగానే పట్టుబడుతుంది. కనుక అభ్యాసాల జోలికి పోరాదు. నిర్వచనాలను కంఠస్థం చేసి, నిద్రలో లేపి అడిగినా నౌన్ అంటే ఏమిటో అప్పజెప్పగలిగితే చాలు.

ఆర్టికల్స్ అనబడే ‘ఎ’, ‘యాన్’, ‘ది’ అనే మూడు చిన్న పదాల దగ్గర మార్గం కొంత ఎగుడుదిగుడవుతుంది. తెలుగులో వీటికి సరిసాటి లేదు. ‘ఒక’ ఉన్నా అది పని పడితేనే వస్తుంది. ‘ఎ’ రావాలో ‘యాన్’ రావాలో నిర్ణయించేది తరువాతి పదం రాతలోని మొదటి అక్షరం కాదు, పలికినప్పుడు వినబడే మొదటి ధ్వని: యూనివర్సిటీ యకారంతో మొదలవుతుంది కనుక దానికి ‘ఎ’, అవర్ అనే పదం రాతలోని హకారం నోట పలకదు కనుక దానికి ‘యాన్’, ఎమ్మెల్యే అచ్చుతో మొదలవుతాడు కనుక ఆయనకూ ‘యాన్’. అయితే పదం మొదట ఎకారం వస్తే యకారాన్నీ, ఒకారం వస్తే వకారాన్నీ ముందు తగిలించి పలకడం చాలా తెలుగు నోళ్లకు అలవాటు. ఆ అలవాటు ప్రకారం శాసనసభ్యుడు ‘యమ్మెల్యే’ అవుతాడు, అప్పుడు ధ్వనిసూత్రం ఆయనకు ‘ఎ’నే విధిస్తుంది. ఉచ్చారణ దిద్దుకుంటే ఈ చిక్కు తీరుతుంది గాని, దిద్దుకోవడానికి పదాన్ని పైకి పలకవలసి ఉంటుంది, అది ఈ మార్గానికే విరుద్ధం. సాధకుడు శాసనసభ్యుల ప్రసక్తి మానుకోవడం ఉత్తమం.

‘ది’ సంగతి ఇంతకంటె దుర్భేద్యం. గోదావరికీ కృష్ణకూ ‘ది’ కావాలి, కొల్లేటికి అక్కరలేదు. హిమాలయాలకు కావాలి, వాటిలోదే అయిన ఎవరెస్టుకు అక్కరలేదు. జబ్బు చేసిన బ్రిటిషువాడు ‘ఇన్ హాస్పిటల్’, అమెరికన్ ‘ఇన్ ది హాస్పిటల్’. జబ్బు ఒకటే అయినా ఫరవాలేదు. ఇటువంటివి వేల వాక్యాలు వినగా వినగా, చదవగా చదవగా మాత్రమే లోపలికి ఇంకుతాయి గాని పట్టికలకు లొంగవు. అంటే వ్యాకరణాన్ని కాసేపు మూసిపెట్టి కథలో పత్రికలో చదవాలి, మనుషుల మాటలు చెవిన వేసుకోవాలి. అంత దిగజారడం సాధకుడికి తగదు. ‘ది’ని వాక్యానికొకటి చొప్పున ఎక్కడో ఒకచోట వేసి ముందుకు సాగవచ్చు.

వాచ్యమార్పిడి నిత్యానుష్ఠానంగా సాగాలి. చేసినవాడిని వెనక్కి నెట్టి, ఆ పనికి గురైనదాన్ని ముందుకు తెచ్చే వాక్యం కర్మణి వాక్యం. రాముడు రావణుణ్ని చంపాడన్నదాన్ని రావణుడు రాముడిచేత చంపబడ్డాడని మార్పించి మార్పించి, పాఠశాలల్లో రావణుడికి ప్రాప్తించిన మరణాలకు లెక్కలేదు. దొంగ ఎవరో తెలియనప్పుడు సైకిలు పోయిందని చెప్పడానికి, తప్పు ఎవరిదో చెప్పకుండా తప్పు జరిగిందని కార్యాలయం ఒప్పుకోవడానికి, వినేవాడి దృష్టి కర్త మీద లేనప్పుడు ఆ కర్తను వదిలించుకోవడానికి ఆంగ్లం ఈ రూపాన్ని వాడుకుంటుంది. ఈ రహస్యం సాధకుడికి పొక్కనివ్వరాదు. పొక్కితే ఏ వాక్యాన్ని మార్చాలో, ఎందుకు మార్చాలో ఆలోచించడం మొదలుపెడతాడు. ఈ అనుష్ఠానం తెలుగుకూ మేలే చేసింది: మాటల్లో అరుదుగా వినబడే ‘బడు’ ధాతువు తర్జుమాల చలవతో బోర్డులెక్కడంతో ఇళ్లు అద్దెకు ఇవ్వబడుతున్నాయి, పాత సామాన్లు కొనబడుతున్నాయి. పరోక్ష కథనం, అనగా ఒకరి మాటను మరొకరు చెప్పే తీరు, దీనికి తోడబుట్టినది. అక్కడ ‘అలాస్’ అన్నవారందరూ దుఃఖంతో ఆక్రోశించినట్టూ, ‘హుర్రే’ అన్నవారందరూ ఆనందంతో కేక వేసినట్టూ మార్చాలి. నేటి కాలంలో అలాస్ అంటూ ఏడ్చే ఆంగ్లేయుడు ఎదురుపడేదాకా ఈ విద్యను భద్రంగా దాచుకోవాలి.

తెలుగు నుంచి ఆంగ్లంలోకి సుంకం లేకుండా దిగుమతి అయ్యే ప్రయోగాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ‘ఐ యామ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్’ అగ్రగణ్యం. ‘నాకు ఇద్దరు పిల్లలు’ అనే తెలుగు వాక్యానికి క్రియే అక్కరలేదు. ఆంగ్లానికి క్రియ లేకుంటే ఊపిరాడదు. తెలియడం, ఇష్టపడటం, కలిగి ఉండటం వంటి స్థితులను చెప్పే క్రియలను ఆంగ్లం మామూలుగా ‘ఇంగ్’ రూపంలో పెట్టదు, పెడితే అర్థం స్థితి నుంచి జరుగుతున్న పనికి మారుతుంది. కాబట్టి పై వాక్యం విన్న అమెరికన్ కవలల ప్రసవం జరుగుతోందనుకుని అంబులెన్సుకు ఫోన్ చేసే ప్రమాదముంది. ‘కజిన్ బ్రదర్’ మాత్రం వేరే జాతి. దాన్ని చూడగానే ఎర్ర సిరాతో కొట్టివేసే ఉపాధ్యాయులు ఒక్క సంగతి మరిచిపోతారు: పినతల్లి కొడుకు అన్నో తమ్ముడో, మేనమామ కొడుకు బావో బావమరిదో అయ్యే ఇంట, పెళ్లి సంబంధాలే ఆ తేడా మీద నడిచే ఇంట, అందరినీ ఒకే ‘కజిన్’ గాట కట్టే భాష చాలదు, చాలనిచోట మనుషులు అతుకు వేసుకుంటారు. ఇది దోషమనడం కంటె అవసరం అనడమే న్యాయం. ‘ప్రీపోన్’ అనే మాట కూడా ఇలాగే భారతదేశంలో పని పడి వాడుకలో స్థిరపడి, చివరికి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చోటు సంపాదించుకుంది. సాధకుడు మాత్రం రెండింటినీ అసహ్యించుకోవాలి.

లేఖారచనకు జ్వరం ప్రధానం. బడిపిల్లల సెలవు చీటీల్లో జలుబు, పంటినొప్పి, కడుపునొప్పి కానరావు. ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అనే వాక్యం ముందుగా నేర్పబడి ఉన్నది కనుక అందరికీ జ్వరమే వస్తుంది. పెద్దయ్యాక ఈ జ్వరమే ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’గా పరిణమిస్తుంది, ఆ పని ఏమిటో చీటీ రాసినవాడు చెప్పడు, అందుకున్నవాడు అడగడు.

పదసంపద విషయంలో, వాడుకకు ఎంత దూరంగా ఉంటే పదం అంత విలువైనదన్న సూత్రాన్ని పట్టుకోవాలి. జీఆర్ఈ పరీక్ష కోసం ‘గ్యారులస్’, ‘ఎఫెమరల్’ వంటి మాటలను పట్టికలుగా వల్లించిన తెలుగు విద్యార్థి టెక్సాస్‌లో దిగి, కూరగాయల దుకాణంలో బెండకాయను ‘లేడీస్ ఫింగర్’ అనీ, వంకాయను ‘బ్రింజాల్’ అనీ, కొత్తిమీరను ‘కొరియాండర్ లీవ్స్’ అనీ అడిగి, ఆ దుకాణదారు ఓక్రా, ఎగ్‌ప్లాంట్, సిలాంట్రో తప్ప మరొకటి ఎరగడని గ్రహించినప్పుడు, లోపం దుకాణదారుదేనని నిశ్చయించుకోవాలి.

ఇక మిగిలింది పరదోష నిరూపణ, అంటే ఎదుటివారి తప్పులు పట్టడం. ఇందుకు ఆంగ్లం మాట్లాడటం అక్కరలేదు, మాట్లాడేవారి పక్కన ఉంటే చాలు. ఆడో మగో తెలియని ఒక్క మనిషిని ఎవరైనా ‘దే’ అని బహువచనంలో పేర్కొంటే, అది నిన్నగాక మొన్న పుట్టిన వెర్రి అని కొట్టిపారేయాలి. 14వ శతాబ్దం నుంచే ఆంగ్లంలో ఆ ప్రయోగం ఉన్నదనీ, జేన్ ఆస్టిన్ నవలల్లో దండిగా దొరుకుతుందనీ, చట్టాల్లోని పుంలింగ పదాలలో స్త్రీలు కూడా చేరి ఉంటారని చెప్పడానికి 1850లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టమే చేయవలసి వచ్చిందనీ ఎవరైనా ఎదురు చెబితే, స్వరం పెంచి ‘హూ’కూ ‘హూమ్’కూ గల తేడా అడగాలి. అవతలివారు సాధారణంగా అక్కడితో కాఫీ ప్రస్తావన తెస్తారు.

ఈ దశ దాటినవాడు ఇతరులకు బోధించడానికి అర్హుడు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి 1958లో హైదరాబాదులో నెలకొల్పిన కేంద్ర ఆంగ్ల సంస్థ, నేటి ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ), అక్కడ జరిగే భాషాబోధన పరిశోధనలూ ఈ అర్హతకు అనవసరం. బస్టాండు దగ్గర మేడ మీద ఒక గది, ‘30 రోజుల్లో స్పోకెన్ ఇంగ్లిష్’ అనే బోర్డు, ముందుగానే వసూలయ్యే ఫీజు ఉంటే సరిపోతుంది. మొదటి వారం నౌన్ నిర్వచనానికి, రెండో వారం షల్, విల్ భేదానికి, మూడో వారం రావణవధకు కేటాయించి, నాలుగో వారం సందేహ నివృత్తికి వదలాలి. పాఠం మాత్రం తెలుగులోనే చెప్పాలి. ఆంగ్లంలో చెబితే విద్యార్థులకు అర్థం కాదని కారణం చూపితే ఎవరూ ఆక్షేపించరు.