కట్టు లావైతే కర్ర దిగదు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక వస్తువు పాడైతే ఆ కష్టం సొంతదారు ఒక్కడిదిగా మిగలదు. బండి ఆగితే దారినపోయే నలుగురు చేరి ప్లగ్గు విప్పిస్తారు. నల్లా కారితే ఎదురింటాయన రెంచీ పట్టుకుని దిగుతాడు. సలహాలకు ఫీజు కట్టించుకునే కోచింగ్ సెంటర్లున్న పేట కదా, ఉచితంగా ఇచ్చేవాళ్లకూ కొదవ లేదు. ఇంతమంది నిపుణులూ ఒక్క వస్తువు దగ్గర చేతులెత్తేశారు. అది నా హామ్ రేడియోకు, అంటే లైసెన్సుతో సరదాకు నడిపే వైర్‌లెస్ సెట్టుకు, యాంటెన్నా నిలబెట్టే కర్ర.

కర్ర అన్నానని చులకన చేయకండి. ముడిస్తే భుజానికి తగిలించుకునే సంచిలో ఇమిడే ఫైబర్‌గ్లాస్ గొట్టం అది. ఒకదాని కడుపులోంచి ఇంకొకటి లాగుతూ పోతే పది మీటర్లు లేస్తుంది. 7 మెగాహెర్ట్జ్‌లో అర తరంగం అంటే సుమారు 20 మీటర్ల రాగి తీగ. దాని నడుమను కర్ర కొసన కట్టి, రెండు చివర్లూ డాబా మీద చెరో మూలకు దించితే యాంటెన్నా తయారు. ఇనుప పైపు పెట్టొచ్చు కదా అంటారు. లోహమేదైనా తీగ పక్కన చేరిందంటే తానూ యాంటెన్నానే అనుకుని పనిలో వేలు పెడుతుంది. ఎండిన వెదురు బొంగు ఆ పాపానికి పోదు గానీ, దాన్ని భుజాన వేసుకుని ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్లోకి వెళ్తే సెక్యూరిటీ వాళ్లు ఏమంటారో ఊహించుకోండి.

కర్రను మొదటిసారి చూసిన రోజే మా వాచ్‌మన్ తేల్చేశాడు. "చేపలకా సార్? సరూర్‌నగర్ చెరువుల గింత పొడుగు కర్రకు ఏం పడ్తయి, గుర్రపుడెక్క తప్ప!" అతను అన్నదాంట్లో సగం నిజమే. ఈ జాతి కర్రలు పుట్టింది చేపలు పట్టడానికే, హామ్ రేడియో వాళ్లు తర్వాత ఎత్తుకొచ్చారు. అసోసియేషన్ సెక్రటరీ గారి అనుమానం ఇంకో రకం. "సెల్ టవరా? అద్దెల మన అసోసియేషన్ వాటా ఎంత?" నేను ఓపిగ్గా చెప్పాను. ఇదే హైదరాబాద్‌లో 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పుట్టిందనీ, ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం 2004 డిసెంబర్‌లో హామ్ రేడియో నడపడానికి అండమాన్ వెళ్తే, 26న సునామీ వచ్చి ఫోన్లు మూగబోయినప్పుడు వాళ్ల రేడియోలే కబుర్లు చేరవేశాయనీ. ఆయన శ్రద్ధగా విని, "అండమాన్ల సరే సార్, మన లిఫ్ట్ ఆగితే గిది పనికొస్తదా?" అన్నారు.

అలాంటి కర్ర పగిలింది. గాలికని అందరూ అనుకున్నారు, కానీ గాలికి అది వంగుతుంది, మళ్లీ లేస్తుంది. దాన్ని పగలగొట్టేది మన జాగ్రత్త. ఈ గొట్టాల మధ్య మరలుండవు, బోల్టులుండవు. లోపలిదాని లావు మొదలు బయటిదాని సన్న మూతిలో బిగుసుకోవడమే ఆధారం. జారుతుందేమోనని ఇంకొక్క మెలి తిప్పి, ఇంకొంచెం లాగుతాం. గాజు పోగులు ఎక్కువగా నిలువునా పరిచి ఉంటాయి గనక వంపును ఎంతైనా ఓరుస్తాయి, చుట్టూ పట్టి ఉంచే పోగులు మాత్రం తక్కువ. లోపలినుంచి మేకు దిగినట్టు ఒత్తిడి పడేసరికి మూతి దగ్గర మొదలై, మేదరి కత్తి కింద వెదురు చీలినట్టు నిలువునా చీలుతుంది.

ఇక వైద్యులు వచ్చారు. ఎలక్ట్రీషియన్ నల్లటేపు చుట్టేద్దామన్నాడు. మే నెల ఎండకు ఆ టేపు బంక కరిగి మనిషికి అంటుకుంటుంది తప్ప కర్రకు అంటుకోదు. ప్లంబర్ ఎంసీల్ ముద్ద తెచ్చాడు, పైన పైపు క్లిప్పు వేసి స్క్రూ బిగిస్తానన్నాడు. మన దగ్గర రిపేరంటే కంటికి కనపడాలి. అతుకు ఎంత లావుంటే ఇచ్చిన డబ్బుకు అంత న్యాయం జరిగినట్టు. ఈ కర్ర దగ్గర చెల్లనిది ఆ న్యాయమే. సాయంత్రం ముడిచేటప్పుడు పగిలిన గొట్టం మళ్లీ తన పెద్దన్న కడుపులోకి జారాలి. అక్కడున్న సందు పెళ్లి శుభలేఖ మందం. అతుకు అంతకు మించితే గొట్టం సగంలో ఆగిపోతుంది, ఆ సగం కర్రను ఏ సంచీ తీసుకోదు.

అందుకని మందం లేని మందు కావాలి. ముందు వాటర్ పేపర్‌తో పైపూత గీకాలి, అదీ తడిపి. పొడిగా గీకితే కంటికి కనపడని గాజు నూగు చేతులకెక్కి దురదగుండాకును తలపిస్తుంది. గొట్టంలోకి చుట్టచుట్టిన పాల కవరు దూర్చాలి. అతికించే ఎపాక్సీ బంక పాలిథిన్‌కు అంటదు. అది లేకుండా బంక లోపలికి కారితే అన్నదమ్ములిద్దరూ జన్మలో విడిపోరు. ఎపాక్సీ రెండు ట్యూబుల్లోంచీ సమానంగా పిండి కలిపి, ఎండలో కాసేపు పెడితే పలచబడి పగుల్లోకి తానే పాకుతుంది. ఆ తర్వాత చీలిక కొసను దాటి ఒక అంగుళం దాకా సన్నటి దారం చుట్టాలి, వరస మీద వరస ఎక్కకుండా.

దారం దగ్గరకొచ్చేసరికి పేటంతా మాంజా మాంజా అంది. నూలు దారం, గాజు పొడి, జిగురు. లెక్కప్రకారం అది సగం ఫైబర్‌గ్లాసే కదా! వేళ్లు తెగకుండా చుట్టేవాడు దొరకాలి, అంతే. నైలాన్ మాంజా మాట ఎత్తొద్దు. దాన్ని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది, పైగా అది బంకను పీల్చదు. ఈ చర్చ నడుస్తుండగా మా ఆవిడ కుట్టుమిషన్ డబ్బాలోంచి నూలు ఉండ తెచ్చింది. "ఇలా ఇవ్వండి, మీరు చుడితే చిక్కు తప్ప ఏమీ మిగలదు." పూలు కట్టిన చెయ్యి. బొటనవేలితో దారాన్ని నొక్కి పట్టి, రెండో చేత్తో కర్రను తిప్పుతూ పోయింది. చివరి చుట్ల కింద ముందే ఒక దారపు ఉచ్చు పెట్టుకుని, కొసను అందులో దూర్చి సర్రున లాగింది. కొస చుట్ల కిందికి పోయింది, ముడి అన్నదే లేదు. పైన పలచగా ఇంకో చెయ్యి ఎపాక్సీ రాశాం. ఆరాక మళ్లీ వాటర్ పేపర్, ఆపైన నల్లరంగు.

చేతికందినదానితో పని గడపడం మా ఊరికి కొత్త విద్యేమీ కాదు. ప్రపంచమంతా హామ్‌లు కట్టుకునే బిట్‌ఎక్స్ రేడియోకు రూపం ఇచ్చింది మన హైదరాబాదీ అష్హర్ ఫర్హాన్. తగిన రింగులు దొరకని చోట కాయిల్ చుట్టుకోవడానికి ఆయన తొలి డిజైన్లో వాడింది నల్లా వాషర్లు. నల్లా వాషర్‌తో రేడియో పలికిన ఊళ్లో, కుట్టుదారంతో కర్ర నిలబడటం వింతేమీ కాదు.

కర్ర డాబా మీద లేచింది. సెక్రటరీ గారు కిందినుంచి పైదాకా చూసి, "ఏం చేసినట్టు లేదు గద సార్! గిన్ని దినాలు దేనికి కూసున్నరు?" అన్నారు. ఇంకో మేస్త్రీకైతే కడుపు మండేది. నేను కర్ర దించి, అతుకు చూపిద్దామని మూతి వెంట వేలు పెట్టి తడిమాను. ఎక్కడుందో నాకూ దొరకలేదు.